వెల వ్రాయని రికార్డు

దైవవాక్యమును వెలకు అమ్మవచ్చునా యను ప్రశ్న మన సంఘములలో నేటిది కాదు. పూర్వము సువార్త భాగములను భుజమున మోసికొని సంతలకు పోయిన కాల్పోర్టరులు ఒక్కొక్క పుస్తకమునకు స్వల్పమైన వెల పుచ్చుకొనుచుండిరి. అది అచ్చుకూలికైనను చాలెడిది కాదు. అయినను ఊరక యిచ్చిన కాగితము పొట్లములకు పోవుననియు, కాసు పెట్టి కొన్నది పెట్టెలో నిలుచుననియు వారి తలంపు.

ఇదే ప్రశ్నను 1979వ సంవత్సరమున అమెరికా దేశమున కీత్ గ్రీన్ అను యువగాయకుడు వేసికొని, కాల్పోర్టరులు చెప్పినదానికి కేవలము విరుద్ధమైన యుత్తరము చెప్పెను. ఆ యుత్తరము మాటలలో గాక ఒక పాటల ఆల్బము రూపమున నున్నది. కావున ఆల్బమనగా నేమో, దానిని చేయుటకు ఎవరి ధనము వ్యయమగునో ముందు తెలిసికొననిదే అతడు చేసిన పని యెంతటిదో విద్యార్థులకు బోధపడదు.

అతడు పాడినది రాక్ సంగీతము. ఇది 1950వ దశాబ్దమున అమెరికాలో ప్రబలిన గానపద్ధతి. నల్లజాతివారి బ్లూస్ గానమును, వారి దేవాలయములలోని గాస్పెల్ పాటలును, తెల్లవారి పల్లెపాటలును దీనికి మూలములు. విద్యుత్తుతో మ్రోగు గిటారు, డ్రమ్ములు, పియానో దీని వాద్యములు. లయ గట్టిది, ధ్వని మరింత గట్టిది. పెద్దలు పలువురు దీనిని సైతాను సంగీతమని త్రోసివేసిరి. అయితే 1960వ దశాబ్దపు చివర కాలిఫోర్నియాలో అనేకులు యౌవనస్థులు మత్తుపదార్థములను విడిచి క్రీస్తును నమ్ముకొనినప్పుడు, తమకు తెలిసిన బాణీలోనే ఆయనను స్తుతింప మొదలిడిరి. 1969లో లారీ నార్మన్ వెలువరించిన 'అపాన్ దిస్ రాక్' అనునది క్రైస్తవ రాక్ ఆల్బములలో మొట్టమొదటివానిలో నొకటి. పురుషోత్తమ చౌదరిగారు తెలుగు బాణీలలో క్రీస్తును కీర్తించిరని సంతోషించు మనము, ఆ పిల్లలు తమ బాణీలో పాడిరని కోపగించుకొనుట న్యాయము కాదని నా యభిప్రాయము. ధ్వని కొంచెము తగ్గించిన బాగుండుననుటలో మాత్రము నేనును పెద్దల పక్షమే.

ఇక ఆల్బమనగా ఒక గాయకుడో బృందమో ఒక వరుసలో కూర్చి వెలువరించిన పాటల సమూహము. నేడు చేతిలోని ఫోనున పాటలు వినువారికి దాని వెనుకటి శ్రమ కానరాదు. ఆ కాలమున ఆల్బము వినైల్ అను ప్లాస్టికు పళ్లెముగా వెలువడుచుండెను. పండ్రెండంగుళముల వ్యాసముగల యా పళ్లెము నిమిషమునకు 33⅓ మారులు తిరుగును. ఒక్కొక్క ప్రక్క ఇంచుమించు ఇరువది నిమిషముల పాట పట్టును. మొదటి పని స్టూడియోలో జరుగును. వెలుపలి శబ్దము చొరకుండ కట్టిన గదులలో, ఒక్కొక్క వాద్యమును, కంఠమును వెడల్పైన అయస్కాంతపు టేపుపై వేర్వేరు జాడలలో పట్టెదరు. డ్రమ్ములు ఒకనాడు, కంఠము మరియొకనాడు పట్టవచ్చును. తప్పిన చోటు మాత్రము తిరిగి పాడవచ్చును. పిమ్మట వాని హెచ్చుతగ్గులు సరిచూచి రెండు జాడలుగా కలిపెదరు. అటుపై లక్కవంటి పూతగల పళ్లెముపై సూదితో గాడి చెక్కి, దానిపై లోహపు పొర పెరుగునట్లు చేసి, ఆ లోహముతో అచ్చులు సిద్ధపరచెదరు. కాగిన వినైలు ముద్దను ఆ అచ్చుల నడుమ నదిమినచో రికార్డగును. చూచుటకు అప్పడము నొత్తినట్లే యుండును.

ఇందొక లెక్క గమనింపవలెను. మొదటి రికార్డు చేతికి వచ్చులోపలనే స్టూడియో అద్దె, వాద్యకారుల కూలి, అచ్చుల ఖర్చు అన్నియు చెల్లవలెను. రెండవ రికార్డునకైనచో వినైలు, అట్ట కవరు, ఒత్తుకూలి చాలును. కావున ముందుగా పెద్ద మొత్తము పెట్టగలవారే ఆల్బమును చేయగలరు. సాధారణముగా ఆ మొత్తమును కంపెనీ పెట్టును. అందువలన అమ్మకమును, వెలయు కంపెనీ చేతిలోనుండును. గాయకునికి ప్రతి రికార్డుపై కొంత రాయల్టీ ముట్టును. అదియును పలుమారులు కంపెనీ పెట్టిన ఖర్చు తీరిన పిదపనే. కంపెనీ నాశ్రయింపక గాయకుడు తానే వ్యయము భరించి వెలువరించినదానిని స్వతంత్ర ఆల్బమందురు. స్వాతంత్ర్యమను మాట వినసొంపైనదే. నష్టము వచ్చినచో దానిని కూడ స్వతంత్రముగానే భరింపవలెను.

కీత్ గ్రీన్ 1953లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించెను. పదునొకండవ యేటనే డెక్కా కంపెనీతో ఒడంబడిక వ్రాసికొనెను గాని, ఆశించిన కీర్తి రాలేదు. యౌవనమున మత్తుపదార్థముల వెంటను, నానావిధములైన మతబోధల వెంటను తిరిగి, 1975లో క్రీస్తు విశ్వాసియయ్యెను. 1977లోను 1978లోను స్పారో అను క్రైస్తవ కంపెనీ వెలువరించిన అతని రెండు ఆల్బములకు గొప్ప ఆదరణ కలిగెను. పియానో వాయించుచు, నడుమనడుమ శ్రోతలను గద్దించుచు పాడుట అతని రీతి. రెండవ ఆల్బము పేరే 'నో కాంప్రమైజ్', అనగా రాజీ లేదని. అట్టివానికి సువార్త పాటపై వెల చీటి అంటించుట సహింపరానిదాయెను. కచేరీలకు టిక్కెట్లు పెట్టుట మానెను. 1979లో తన్ను ఒడంబడికనుండి విడిపింపుమని స్పారోవారిని కోరగా వారు సమ్మతించిరి. లాభము తెచ్చు గాయకుని పోనిచ్చుట వ్యాపారమున తరచు జరుగు పని కాదు గనుక వారి మంచితనమును మరువరాదు.

ధనము కొరకు కీత్, అతని భార్య మెలొడీ తమ యింటిని తాకట్టు పెట్టిరి. తమ రికార్డులకు 'ప్రెట్టీ గుడ్ రికార్డ్స్' అని పేరు పెట్టుకొనిరి. 'ఒక మోస్తరు బాగుగనే యున్నవి' అని దాని భావము. రాజీ లేదన్నవాని నోట ఈ వినయము ముచ్చటగా నున్నది. ఆల్బము 1980లో వెలువడెను. పేరు 'సో యూ వాన్నా గో బ్యాక్ టు ఈజిప్ట్', అనగా 'అయితే నీకు మరల ఐగుప్తునకు పోవలెనని యున్నదా?' సంఖ్యాకాండము పదునొకండవ అధ్యాయమున ఇశ్రాయేలీయులు మన్నాతో విసిగి, ఐగుప్తులోని దోసకాయలను ఉల్లిపాయలను తలంచుకొని యేడ్చిన కథ మనకు తెలిసినదే. ఆ సణుగుడునే కీత్ హాస్యపు పాటగా మలచి, మన్నాతో చేయదగిన వంటకములను ఏకరువు పెట్టి నవ్వించును. నవ్వు ముగియకముందే ఆ సణుగువారు మనమేయని తోచును. ఇంకొక పాట నూట యిరువది యేడవ కీర్తనలోని మొదటి మాటను, యెహోవా ఇల్లు కట్టించుటను గూర్చినది. ఇల్లు తాకట్టులో నున్నవాడు దానిని పాడెనని యెరిగి విన్నచో మరియొక రుచి తెలియును. మరియొక పాటకు సుప్రసిద్ధ గాయకుడు బాబ్ డిలన్ మౌత్ ఆర్గాన్ వాయించెను. 1979లోనే ఆయనయు క్రైస్తవ గీతముల ఆల్బమొకటి వెలువరించి లోకమును ఆశ్చర్యపరచి యుండెను. 'ఓ లార్డ్, యూ ఆర్ బ్యూటిఫుల్' అను నెమ్మదియైన ప్రార్థనాగీతము ఈ ఆల్బములోనిదే.

ఈ రికార్డునకు వెల వ్రాయలేదు. టెక్సాస్ రాష్ట్రములోని లిండేల్ వద్దనున్న తమ సంస్థ, లాస్ట్ డేస్ మినిస్ట్రీస్, నుండి తపాలా ద్వారాను, కచేరీలలోను, ఎవరు ఎంత యిచ్చుకొనగలిగిన నంతకే యిచ్చిరి. ఏమియు ఇచ్చుకొనలేనివారికి ఊరకయే యిచ్చిరి. 1982 మే నాటికి రెండు లక్షలకు పైగా ప్రతులు పోయినవి. వానిలో 61,000 ఉచితములు. అనగా పదింటికి మూడు ఊరక పోగా, తక్కిన యేడింటికి జనులు తమంతట తామే ఏదో యొకటి చెల్లించిరి.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. ఇయ్యగలవాడు ఇయ్యకపోవచ్చును. పుస్తకశాల పెట్టుకొని కుటుంబమును పోషించుకొను విశ్వాసి నష్టపోవచ్చును. తాకట్టు పెట్టుటకు ఇల్లే లేని గాయకుని గతి యేమి? పరిశుద్ధుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక తొమ్మిదవ అధ్యాయమున, సువార్త ప్రచురించువాడు సువార్తవలన జీవించుట హక్కనియే స్థాపించి, ఆ హక్కును తాను మాత్రము వాడుకొననని చెప్పుచున్నాడు. కీత్ చేసినది ఈ రెండవ భాగము. దానిని అందరికి విధిగా చేసినచో మొదటి భాగము కొట్టివేసినట్లగును. కీత్ సైతము పిదప అంగళ్లలో తన క్యాసెట్టులను అమ్మనిచ్చెను; అయితే ఒకటి కొన్నవానికి స్నేహితునికిచ్చుటకై రెండవది ఉచితముగా జతచేయించెను. ఈ యేర్పాటే నాకు మిక్కిలి నచ్చినది. కాల్పోర్టరులును దీనిని మెచ్చుకొనియుందురు.

1982 జూలై 28న లిండేల్ సమీపమున, మోయదగినదానికి మించిన బరువుతో లేచిన చిన్న విమానము కూలి పండ్రెండుగురు మరణించిరి. వారిలో కీత్, అతని మూడేండ్ల కుమారుడు, రెండేండ్ల కుమార్తె యుండిరి. అతని వయస్సు ఇరువది యెనిమిదేండ్లు. మెలొడీ ఆ సంస్థను నడిపించెను. కొన్ని సంవత్సరములకు అతని పాటలు తిరిగి స్పారో కంపెనీ ద్వారా, ఇతర రికార్డులవలెనే వెల వ్రాయబడి, అంగళ్లలో చేరినవి.