చిత్ర ప్రచారము – అంగడి పొత్తు

మా బసంత్‌నగరము సిమెంటు కర్మాగారము నానుకొని పెరిగిన యూరు. నా చిన్ననాట క్రొత్త చిత్రము వచ్చినదను వార్త మైకు కట్టిన రిక్షా మీద వచ్చెడిది. కరపత్రములకై పిల్లలము దాని వెంట పరుగెత్తెడివారము. హాలు ముంగిట పాటల పుస్తకము లమ్మెడివారు. ఈనా డా వార్త బిస్కెట్టు పొట్లము మీద నింటిలోనికే వచ్చుచున్నది.

మొన్నటి సెలవులలో నా మనుమడు కిరాణా కొట్టునుండి యట్టి పొట్ల మొకటి తెచ్చెను. దానిపై నొక కథానాయకుని బొమ్మయు, ప్రక్కన నల్లని గళ్ల చదరమును గలవు. వాడు నా ఫోను నా గళ్లకు చూపి, టిక్కెట్లు బహుమాన మనగా నా పేరును, సంఖ్యను వ్రాసి పంపెను. టిక్కెట్టు రాలేదు, దినమునకు పదేసి సందేశములు మాత్రము వచ్చినవి. కోపము కలిగినమాట నిజమే. కాని యీ యేర్పాటెట్లు నడచునో విచారింపవలెనని తోచినది.

దీనికి మూలము ఇచ్చిపుచ్చుకొనుటయే. చిత్రమునకు గోడలు కావలెను. వర్తకునకు ఆకర్షణ కావలెను. వర్తకుడు తన పొట్లమును గోడగా నిచ్చును. నిర్మాత కథానాయకుని రూపమును వాడుకొననిచ్చును. కొన్నియెడల వర్తకుడు రుసుము చెల్లించును, లేదా అమ్మకములో భాగ మిచ్చును.

మన తెలుగువారిలో దీనికి పెద్ద యుదాహరణము ‘బాహుబలి’. 2017లో రెండవ భాగము విడుదలయినపుడు జయపురమునకు చెందిన ఆమ్రపాలి నగల సంస్థ ఆ చిత్రపు టాభరణముల శైలిలో నగలను అమ్మకమునకు పెట్టినది. మూన్‌ఫ్రాగ్ సంస్థ ఫోనులో నాడు ఆటను సిద్ధపరచినది. ఆర్కా మీడియావర్క్స్ వారు ఏఎమ్‌డీ సంస్థతో కలసి ‘ది స్వోర్డ్ ఆఫ్ బాహుబలి’ యను వర్చువల్ రియాలిటీ చిత్రమును నిర్మించిరి. దానిని చూచుటకు కన్నులకు పెట్టె వంటి సాధనమును తగిలించుకొందురు. అది రెండు కన్నులకు రెండు కొంచెము వేరైన బొమ్మలను చూపును. తల త్రిప్పిన కొలది దృశ్యమును త్రిప్పును. అందుచే చూచువానికి తాను మాహిష్మతిలో నిలిచినట్లే తోచును.

మన బొగ్గుగనుల సీమయు తెర కెక్కినది. 2023 మార్చి 30న విడుదలయిన ‘దసరా’ సింగరేణి గనుల చెంతనున్న వీర్లపల్లి కథ. మన మసిబారిన బ్రదుకే వినోద మగునపుడు, దానిని అమ్ము విధమును మనము తెలిసికొనుట యుక్తము.

ఇక ఆ గళ్ల చదరము మాట. దానిలో నుండునది సామాన్యముగా నొక చిరునామా మాత్రమే. ఫోను దానిని చదివి యా పుటను తెరచును. గళ్లు మన పేరడుగవు. తెరచిన పుట యడుగును. ఒక్కొక్క సరకునకు, ఒక్కొక్క ప్రాంతమునకు వేరువేరు గళ్లు ముద్రించినచో, ఏ యూర నే పొట్లమునకు గిరాకి కలదో కూడ వర్తకునకు తెలియును. పూర్వము కరపత్రము పంచినవానికి దానిని ఎవరు చదివిరో తెలిసెడిది కాదు. భేద మంతయు నిక్కడనే యున్నది. నాడు మనము ప్రకటనను చూచితిమి. నేడు ప్రకటనయు మనలను చూచుచున్నది.

ఈ విషయమున 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై చట్టము వచ్చినది. 2025 నవంబరులో దాని నియమములు వెలువడినవి; అమలు అంచెలంచెలుగా నేర్పరుపబడినది. సమాచారమును ఎందులకు కోరుచున్నారో చెప్పి సమ్మతి పొందవలెను. ఇచ్చినంత సులువుగా సమ్మతిని మరలించుకొన వీలుండవలెను. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల సమ్మతి కావలెను.

నేను సినిమాకును, కొట్టుకును విరోధిని కాను. గనిలో షిఫ్టు ముగించి వచ్చినవానికి మూడు గంటల వినోదము గొప్ప విశ్రాంతి. మనుమనితో నే నన్నది ఇంతే: “ఆకలైనచో బిస్కెట్టు కొనుము, మనసైనచో చిత్రము చూడుము, నా సంఖ్య నిచ్చుటకు మాత్రము నన్నడుగుము.” వాడు నవ్వి, ఆ సందేశముల నెట్లు నిలుపవలెనో నాకే నేర్పెను.