ఆట అక్కడితో అయిపోలేదు

"ఇంకెక్కడి ఆటలక్కా? పెద్దమనిషి అయింది గద!"

మొన్న సాయంత్రం మా పక్కింటావిడ అన్న మాట ఇది. వాళ్లమ్మాయి ఎనిమిదో తరగతి. నిరుటి దాకా స్కూలు ఖోఖో జట్టులో ఉండేది. ఈ ఏడు గ్రౌండు వైపే పోవడం లేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఊరికే మానిపించేశారు. మా బాన్సువాడ అనే ఏముంది, ఏ ఊళ్లో చూసినా ఇదే వరస. చిన్న తరగతుల్లో మగపిల్లలతో సమానంగా ఉరికిన పిల్లలే, పదో తరగతికి వచ్చేసరికి గట్టు మీద కూచుని చప్పట్లు కొట్టేవాళ్లవుతారు.

ఆ రాత్రే మా చెల్లెలి కూతురు తన ఫోనులో ఒక పాత మ్యాచ్ చూపించింది. అమెరికాలో 1999లో జరిగిన ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ ఫైనల్. చివరి గోల్ పడే ముందు ఆపేసి, "కప్పు ఎవరిదో చెప్పు పెద్దమ్మా" అంది. చెప్పాను. తప్పు! ఎందుకు తప్పిందో తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే, అది ఆట కథ ఒక్కటే కాదని తెలిసింది.

అక్కడి అమ్మలూ అదే అన్నారు

అమెరికా ఆడపిల్లలకు అన్నీ ముందునుంచే ఉన్నాయనుకుంటాం. కాదు. బాస్కెట్‌బాల్ పుట్టింది 1891లో. మరుసటి ఏడే స్మిత్ కాలేజీలో సెండా బెరెన్‌సన్ అనే టీచరమ్మ దాన్ని ఆడపిల్లలకు నేర్పింది. అయితే ఆమె మైదానాన్ని మూడు భాగాలు చేసింది. ఎవరి భాగంలో వాళ్లే ఉండాలి, గీత దాటకూడదు. ఎక్కువ పరుగెడితే ఆడవాళ్లు అలిసిపోతారని, నాజూకుతనం పోతుందని అప్పటివాళ్ల భయం! ఆ గీతలు రకరకాలుగా మారుతూ చాలాకాలం ఉండిపోయాయి. కాలేజీ అమ్మాయిలు మగవాళ్లలా ఐదుగురేసి మైదానమంతా పరుగెత్తి ఆడే పద్ధతి 1971లో గానీ స్థిరపడలేదు. ఆ మరుసటి ఏడు, 1972లో, ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ విద్యాసంస్థా ఆడ, మగ తేడా చూపకూడదని చట్టం వచ్చింది. దానితో కాలేజీల్లో ఆడపిల్లల జట్లకు కోచ్‌లు, స్కాలర్‌షిప్‌లు దొరకసాగాయి.

మరి చదువు అయిపోయాక? ఇంటికే! ఆట మీద బతకాలంటే సొంతదేశం వదలాల్సిందే. సింథియా కూపర్ కథ అదే. ఎనిమిది మంది పిల్లలను సాకిన తల్లి మేరీ కాబ్స్ కూతురామె. కాలేజీ జట్టుతో 1983, 1984లలో జాతీయ విజేత. 1988లో ఒలింపిక్స్ బంగారు పతకం. అయినా ఆమె స్పెయిన్‌కు, ఇటలీకి పోయి పదేళ్లకు పైగా ఆడింది. మంచి వయసంతా పరాయిదేశంలోనే గడిచిపోయింది.

1997 జూన్ 21న డబ్ల్యూఎన్‌బీఏ అనే ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఎనిమిది జట్లతో మొదలైంది. అప్పటికి కూపర్‌కు 34 ఏళ్లు. "ఈ వయసులో ఏం ఆడుతుందిలే" అనుకునే వయసు. హ్యూస్టన్ కామెట్స్ జట్టులో చేరింది. ఆ ఏడాది ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఆగస్టు 30న ఫైనల్‌లో న్యూయార్క్ లిబర్టీ మీద 65-51తో కామెట్స్ గెలిచింది. అందులో 25 పాయింట్లు కూపర్‌వే.

అదే జట్టులో షెరిల్ స్వూప్స్ ఉంది. లీగ్ మొదలైన నాలుగో రోజున, జూన్ 25న, ఆమెకు కొడుకు పుట్టాడు. ఆరు వారాలకే తిరిగి మైదానంలో దిగింది. మన బాలింతలు కూడా అలా ఉరకాలని నేను అనడం లేదు. ఎవరి ఒళ్లు వాళ్లది, విశ్రాంతి అవసరమే. కానీ "తల్లయింది, ఇక ఆమె పని అయిపోయింది" అని ఆ జట్టు ఆమె పేరు కొట్టేయలేదు. చూడవలసింది అది.

పదో నంబరు

ఇక 1999. ఆ ఏడాది కామెట్స్‌కు కష్టాలన్నీ కలిసే వచ్చాయి. ఫిబ్రవరిలో కూపర్ తల్లి రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. అదే నెలలో జట్టులో పదో నంబరు చొక్కా వేసుకునే కిమ్ పెరోకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. కిమ్ ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలే. తాటిచెట్లంత మనుషులు ఆడే ఆటలో ఆమె పిట్టంత. బంతిని నడిపించేది మాత్రం ఆమే. ఆగస్టు 19న, 32 ఏళ్లకే ఆమె పోయింది. ప్లేఆఫ్స్ ముంగిట్లో ఉన్నాయి.

మన ఐపీఎల్‌లో చివర ప్లేఆఫ్స్ ఉన్నట్టే ఇక్కడా. ఆ ఏడాది 12 జట్లు తలా 32 మ్యాచ్‌లు ఆడాయి. అందులో ఆరింటికే ప్లేఆఫ్స్‌లో చోటు. ఫైనల్‌కు మూడు మ్యాచ్‌లు, రెండు గెలిచినవాళ్లదే కప్పు. సెమీఫైనల్‌లో లాస్ ఏంజెలెస్ జట్టు మీద 2-1తో గట్టెక్కి కామెట్స్ ఫైనల్ చేరింది. మళ్లీ ఎదురుగా న్యూయార్క్ లిబర్టీయే.

మొదటి మ్యాచ్ కామెట్స్‌ది. రెండోది సెప్టెంబరు 4, శనివారం, సొంత ఊళ్లో. మొదటి సగంలోనే 18 పాయింట్లు ముందుకు పోయారు. తర్వాత న్యూయార్క్ కొంచెం కొంచెంగా అందుకుంది. ఇంకా 2.4 సెకన్లు ఉన్నాయనగా కామెట్స్ 67, లిబర్టీ 65. అప్పుడే మా పిల్ల ఫోను ఆపింది. నేను "హ్యూస్టనే" అన్నాను.

న్యూయార్క్ అమ్మాయి టెరెసా వెదర్‌స్పూన్ చేతికి బంతి అందింది. ఎదుటి బుట్ట ఎక్కడో అవతల. రెండడుగులు వేసి, మైదానం మధ్యగీత ఇవతలి నుంచే విసిరింది. బంతి గాల్లో ఉండగానే టైమైపోయింది. పలకకు తగిలి బుట్టలో పడింది! 68-67. న్యూయార్క్ పిల్లలు ఒకరి మీద ఒకరు పడి గంతులు. హ్యూస్టన్ హాలంతా నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"అయితే కప్పు న్యూయార్క్‌దా?" అన్నాను. అదీ తప్పే!

చేతికందిన కప్పు అలా జారిపోతే మనమైతే ఎన్నాళ్లు తల పట్టుకుంటాం? వాళ్లకు ఒక్క రాత్రే ఉంది. మర్నాడే, సెప్టెంబరు 5న, చివరి మ్యాచ్. కామెట్స్ 59-47తో గెలిచింది. అందులో 24 పాయింట్లు తల్లిని పోగొట్టుకున్న కూపర్‌వి. "పది కోసం మూడు" అని జనం అరుపులు. అంటే పదో నంబరు కిమ్ కోసం మూడో కప్పు అని. మరుసటి ఏడాది నాలుగోదీ గెలిచారు. లీగ్‌లో హుందాగా ఆడే క్రీడాకారిణికి ఇచ్చే బహుమతికి కిమ్ పేరు పెట్టారు.

కథ అంతా తీయగా ముగియలేదు లెండి. కొనేవాళ్లు లేక 2008 డిసెంబరులో ఆ కామెట్స్ జట్టునే మూసేశారు. లీగ్ మాత్రం నిలిచింది. అంత గొప్పగా బంతి వేసిన న్యూయార్క్‌కు మొదటి కప్పు రావడానికి 2024 దాకా పట్టింది. అంతకాలం ఆ జట్టు ఆడుతూనే ఉంది.

మన గీత ఎవరు చెరపాలి?

అంత దూరం ఎందుకు? నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ విజేత అయింది. పాకాల తండా పిల్ల మాలావత్ పూర్ణ 2014లో, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. వాళ్లను "పెద్దమనిషివయ్యావు" అని ఇంట్లో కూచోబెట్టి ఉంటే?

అందరూ ఛాంపియన్లు కావాలని కాదు. ఓడిన మర్నాడు మళ్లీ లేచి ఆడడం పిల్లకు అలవాటైతే, అది పరీక్షలోనూ, అత్తవారింట్లోనూ, ఉద్యోగంలోనూ అక్కరకొస్తుంది. అందుకు మనం చేయాల్సింది చిన్న పనులే. నెలసరి వచ్చినంత మాత్రాన ఆట మానక్కర్లేదని చెప్పాలి. నొప్పి మరీ ఎక్కువైతే డాక్టరమ్మకు చూపించాలి. వదులు చొక్కా, మంచి బూట్లు కొనిపెట్టాలి. గ్రౌండు దగ్గర ఆడపిల్లలకు బాత్రూము ఉందా అని స్కూల్లో అడగాలి. చీకటి పడుతుందని భయమా? ఇద్దరు ముగ్గురు తల్లులం వంతులేసుకుని వెళ్లి కూచుంటే సరి.

పక్కింటావిడకు ఈ మ్యాచ్ చూపించాను. చివరి బంతి పడగానే "అమ్మో!" అని గుండె మీద చెయ్యేసుకుంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగింది...

"అక్కా, బూట్లు ఎంతుంటయి?"