ఒడి దిగిన బిడ్డ

ఇంట్లో చంటిపాప పుట్టిందంటే చూడవచ్చినవారంతా ఉయ్యాల చుట్టూ చేరతారు. రెండేళ్ల పెద్దవాడు మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడతాడు. నిన్నటిదాకా అమ్మ ఒడి వాడిది. ఇవాళ "నువ్వు పెద్దవాడివిరా, అల్లరి చెయ్యకు" అంటారు. రెండేళ్లకే పెద్దరికమా!

వాడు అన్నం దగ్గర మారాం చేస్తే అసూయ అని కసురుకోకండి. చెల్లెలు పుట్టాక పెద్దబిడ్డ తిండి తగ్గడం చిన్న విషయం కాదు. ఆఫ్రికాలో ఒకప్పటి గోల్డ్ కోస్ట్, అంటే నేటి ఘనాలో, 'గా' భాష మాట్లాడే తల్లులు దీనికొక పేరే పెట్టారు: క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ రాగానే ముందుబిడ్డకు వచ్చే జబ్బు అని దాని భావం. కాళ్లు వాస్తాయి, జుట్టు రంగు మారుతుంది. డాక్టర్ సిసిలీ విలియమ్స్ 1935లో ఆ పేరును వైద్యలోకానికి తెలియజేశారు. తల్లిపాలు మాని, మొక్కజొన్న తిండితోనే పెరిగే పిల్లల్లో ఆమె దాన్ని గమనించారు.

మన ఇళ్లలో అంతదాకా రాకపోవచ్చు. కాని పురిటి హడావుడిలో పెద్దవాడి కంచం సంగతి ఎవరికీ పట్టదు. పప్పన్నం, గుడ్డు, పెరుగు వాడికి వేళకు అందాలి. చంటిదానికి ఆరు నెలలదాకా తల్లిపాలే చాలు.

అది నిద్రపోయినప్పుడు పెద్దవాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టండి. నిద్రపోకపోతే? నాన్నగారు పేపరు మడిచి దాన్ని ఎత్తుకుంటారు!