పొలంలో వాడే రేడియో మాడ్యూల్: నిబంధనల పరిశీలన

నేలలోని తేమను కొలిచి, ఆ సమాచారాన్ని తీగలు లేకుండా దూరంలోని గేట్‌వేకు చేరవేసే సెన్సర్లలో లోరా రేడియో మాడ్యూళ్ళను విరివిగా వాడుతున్నారు. తపాలా బిళ్ళంత ఉండే ఈ భాగం కూడా చట్టరీత్యా రేడియో ప్రసారిణియే. కనుక సెన్సర్ కచ్చితత్వంతో పాటు, దాని ప్రసారం నిబంధనలకు లోబడి ఉన్నదీ లేనిదీ పరిశీలించవలసి ఉంటుంది.

పౌనఃపున్యం: భారతదేశంలో ఇటువంటి పరికరాలకు 865–867 మెగాహెర్ట్జ్ పట్టీలో 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. 2021లో దానిని 868 వరకు విస్తరించారు. ఐరోపాలో లోరా పరికరాలు సాధారణంగా 868.1, 868.3, 868.5 వద్ద ప్రసారం చేస్తాయి. అంకెలు దగ్గరగా కనిపించినా ఇవి మన పట్టీకి వెలుపలివే. అమెరికా పట్టీ 902–928. ఇందులో 915 వరకు గల భాగంలో మన దేశపు మొబైల్ ఫోన్లు టవర్లకు సంకేతాలు పంపుతాయి. అక్కడ ప్రసారం జరిగితే సమీప టవర్ దూరపు ఫోన్ల బలహీన సంకేతాలను అందుకోలేకపోవచ్చు. ఒక్క టవరే ఆధారమైన గ్రామంలో ఆ నష్టం రైతులదే.

శక్తి, యాంటెన్నా: ప్రసారిణి శక్తి 1 వాట్‌ను, యాంటెన్నా నుండి వెలువడే ప్రభావక శక్తి 4 వాట్లను, క్యారియర్ వెడల్పు 200 కిలోహెర్ట్జ్‌ను మించరాదు. లోరాలో 125 కిలోహెర్ట్జ్ అమరిక ఈ హద్దులో ఇమిడిపోతుంది. 250, 500 అమరికలు ఇమడవు. 1 వాట్ మాడ్యూల్‌కు, డైపోల్‌తో పోల్చి 6 డెసిబెల్ లబ్ధి గల యాంటెన్నాను బిగిస్తే ప్రభావక శక్తి దాదాపు 4 వాట్లవుతుంది. 8 డెసిబెల్ యాంటెన్నాతో అది సుమారు 6.3 వాట్లకు చేరుతుంది. అంటే మాడ్యూల్ మారకపోయినా, యాంటెన్నా మార్పుతోనే హద్దు దాటవచ్చు.

ఆమోదం: లైసెన్సు మినహాయింపు ఉన్నంత మాత్రాన పరికరానికి ఆమోదం ఉన్నట్లు కాదు. టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుండి ఎక్విప్‌మెంట్ టైప్ అప్రూవల్ ఉన్నదో లేదో కొనుగోలుకు ముందే చూడాలి. విదేశీ ధ్రువపత్రం దీనికి ప్రత్యామ్నాయం కాదు.

ఈ పట్టీ అందరూ పంచుకునేది. ఇతరులకు అంతరాయం కలిగించరాదు. ఇతరుల వల్ల కలిగిన అంతరాయం నుండి రక్షణనూ కోరలేము. అందువల్ల సాగునీటి వాల్వును రేడియో ఆదేశంపైనే పూర్తిగా ఆధారపడేలా రూపొందించరాదు. సంకేతం అందకపోతే నిర్ణీత సమయానికి వాల్వు తానే మూసుకొనే ఏర్పాటు అవసరం. రైతులకు సిఫార్సు చేసే ముందు పౌనఃపున్యం, శక్తి, యాంటెన్నా, ఆమోదం అనే నాలుగింటినీ పొలంలో అమర్చిన స్థితిలోనే సరిచూడాలి.