6.4 ఉచిత ప్రజా రవాణా: టికెట్ డబ్బు ఎవరు చెల్లిస్తారు?

తెలంగాణలో పల్లెవెలుగు బస్సు ఎక్కిన మహిళకు కండక్టర్ ఒక టికెట్ ఇస్తారు. ఆమె చెల్లించవలసింది మాత్రం సున్నా. మరి టికెట్ ఎందుకు? మీలో చాలామందికి ఈ సందేహం వచ్చే ఉంటుంది. ఆ 'జీరో టికెట్' ప్రయాణికురాలి కోసం కాదు, లెక్క కోసం. ఎంతమంది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారు, మామూలుగా అయితే ఛార్జీ ఎంత వచ్చేది అనే వివరాలు దాని ద్వారా నమోదవుతాయి. ప్రభుత్వం నుంచి ఆర్టీసీకి రావలసిన సొమ్ముకు ఆ లెక్కే ఆధారం. అంటే ఉచిత ప్రయాణంలో ఖర్చు మాయం కాదు, చెల్లించేవారు మారతారు.

తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద ఈ సౌకర్యం 2023 డిసెంబరు 9న మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పేరుతో 2025 ఆగస్టు 15న వచ్చింది. ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక అంతకుముందే ఇలాంటి పథకాలు ప్రారంభించాయి. ఇవన్నీ ప్రధానంగా మహిళలకు ఉద్దేశించినవి. అందరికీ ఉచితం చేసి, మొత్తం ఖర్చును పన్నుల నుంచే భరించవచ్చా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

6.4.1 బస్సు ప్రభుత్వ వస్తువా?

ప్రభుత్వ వస్తువుల గురించి మీరు ఇప్పటికే చదివారు. వీధి దీపం వెలుగును ఒకరు వాడుకుంటే మరొకరికి తగ్గదు, డబ్బు కట్టనివారిని అడ్డుకోవడమూ కుదరదు. బస్సు అలాంటిది కాదు. సీటులో ఒకరు కూర్చుంటే ఇంకొకరు నిలబడాలి. టికెట్ లేనివారిని దింపేయవచ్చు. కాబట్టి సిద్ధాంతపరంగా బస్సు శుద్ధ ప్రభుత్వ వస్తువు కాదు. అయినా ప్రభుత్వం దానికి డబ్బు ఇవ్వడానికి బలమైన కారణం ఉంది. ఒక బస్సు నిండితే రోడ్డు మీద ఎన్నో బైకులు తగ్గుతాయి. పొగ, రద్దీ తగ్గిన మేలు బస్సు ఎక్కనివారికీ అందుతుంది. దీనినే అనుకూల బాహ్యత అంటారు.

రెండో కారణం ఆదాయానికి సంబంధించినది. పట్నంలో బట్టల దుకాణంలో పనిచేసే ఒక మహిళకు రానుపోను 60 రూపాయలు అవుతుందనుకుందాం. నెలకు 25 రోజులకు 1,500 రూపాయలు. ఆమె జీతం 9,000 అయితే ఆరో వంతు బస్సుకే పోతుంది. ఛార్జీ లేకపోతే ఇంటి పక్కన తక్కువ కూలికి కాక, దూరమైనా మంచి జీతం ఉన్న పనికి ఆమె వెళ్లగలుగుతుంది. ఆ డబ్బు ఇంట్లో ఎవరినీ అడగనవసరం లేకపోవడం కూడా చిన్న విషయం కాదు.

6.4.2 రెండు అనుభవాలు

లక్సెంబర్గ్ 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, రైలు ప్రయాణాన్ని ఉచితం చేసింది. రైళ్లలో మొదటి తరగతికే టికెట్ మిగిలింది. ఇది సాధ్యం కావడానికి ఆ దేశం సంపన్నం కావడం ఒక్కటే కారణం కాదు. అప్పటికే అక్కడ రవాణా ఖర్చులో టికెట్ల ద్వారా వచ్చేది పదో వంతు కూడా లేదు. ఎస్టోనియా రాజధాని టాలిన్ 2013 జనవరి 1 నుంచి నగరంలో నమోదైన నివాసులకు ఛార్జీ ఎత్తివేసింది. అక్కడ ఆదాయపు పన్నులో కొంత భాగం నివాసి నమోదైన పురపాలికకు వెళ్తుంది. కాబట్టి కొత్తగా పేరు నమోదు చేసుకున్న ప్రతి వ్యక్తీ నగరానికి ఆదాయమే. అయితే అక్కడి పరిశీలనల్లో తేలిన ఒక విషయం గుర్తుంచుకోండి. నడక బాగా తగ్గింది, కార్ల వాడకం కొద్దిగానే తగ్గింది. కారు ఉన్నవారిని బస్సు ఎక్కించడానికి ఉచితం ఒక్కటే చాలదు, సమయానికి బస్సు రావాలి.

మన ఆర్టీసీల పరిస్థితి లక్సెంబర్గ్‌కు దాదాపు తలకిందులు. వాటికి టికెట్ డబ్బే ప్రధాన ఆదాయం. డీజిల్, టైర్లు, జీతాలు, కొత్త బస్సులు అన్నీ అందులోంచే రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ సిబ్బంది 2020 జనవరి 1న ప్రభుత్వ ఉద్యోగులయ్యారు కనుక అక్కడి లెక్క కొంత వేరు. ఏమైనా, టికెట్ ఆదాయం పోయిన చోట ప్రభుత్వ చెల్లింపే సంస్థకు ఊపిరి. ఆ చెల్లింపు ఆలస్యమైతే మొదట ఆగేది కొత్త బస్సుల కొనుగోలు. ప్రయాణికులు పెరిగి బస్సులు పెరగకపోతే, డబ్బు రూపంలో ఉన్న ధర నిరీక్షణ రూపంలోకి మారుతుంది. మీరు అధ్యయన కేంద్రానికి వెళ్లే దారినే తీసుకోండి. మధ్యాహ్నం రెండు గంటలకు సగం ఖాళీగా ఉన్న బస్సులో ఇంకొకరు ఎక్కితే ఉపాంత వ్యయం దాదాపు శూన్యం. ఉదయం ఎనిమిదింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడే బస్సులో అదే ఒక్కరి వల్ల తోటివారందరికీ ఇబ్బంది. ఉచితం ఈ రెండు వేళలనూ ఒకేలా చూస్తుంది. పాత ఛార్జీ విధానమూ అలాగే చూసేది, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

పన్నుల వైపు చూస్తే, రాష్ట్రాల సొంత ఆదాయంలో జీఎస్టీ, పెట్రోలు మీద వ్యాట్, మద్యం మీద ఎక్సైజ్ వంటి పరోక్ష పన్నులదే పెద్ద వాటా. సబ్బు కొన్న కూలీ కూడా వీటిని చెల్లిస్తారు. కాబట్టి 'ఉచితంగా తిరుగుతున్నారు' అనే ఎత్తిపొడుపు పూర్తిగా నిజం కాదు. బస్సే వెళ్లని తండాలోని మనిషి కూడా అదే పన్ను కడుతున్నారన్నది ఇంకా బలమైన అభ్యంతరం. ఈ పథకాల వల్ల గిరాకీ పోయిందని ఆటో డ్రైవర్లు తెలంగాణలో ఆందోళన చేశారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో ఒక్కో డ్రైవరుకు 15 వేల రూపాయల సాయం ఇచ్చింది. పథకం ఖర్చు లెక్కలో ఇదీ చేరుతుంది.

నా అభిప్రాయంలో ఛార్జీ ఎత్తివేయడం సమర్థించదగినదే. కానీ బడ్జెట్‌లో రాయితీ చెల్లింపుతో పాటు కొత్త బస్సులకు విడిగా పద్దు ఉండాలి. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు బస్సులు, తరువాత ఉచితం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బస్సు శుద్ధ ప్రభుత్వ వస్తువు ఎందుకు కాదు?
2. మీ ఊరి స్టాపు దగ్గర ఒక ఉదయం గంటసేపు నిలబడండి. ఎన్ని బస్సులు ఆగాయి, ఎన్ని ఆగకుండా వెళ్లాయి, ఎంతమంది మిగిలిపోయారు రాసుకోండి. వారికి ఆ రోజు ప్రయాణం ధర ఎంతో మీ మాటల్లో వివరించండి.