పక్షుల ఫొటోలకు నిలకడైన ట్రైపాడ్

పెన్న ఉత్తరపు గట్టున ఉన్న కోవూరు నుంచి దక్షిణంగా సాగితే వచ్చే నేలపట్టు పక్షి కేంద్రం, పులికాట్ సరస్సులలో శీతకాలం కనిపించే గూడబాతులను, ఫ్లెమింగోలను బెదరకుండా దూరం నుంచే తీయాలి గనుక, 500, 600 మిల్లీమీటర్ల లెన్సులు అవసరమవుతాయి. అంతటి లెన్సుకు వేలు తగిలినంత కదలిక కూడా చిత్రాన్ని మసకబారుస్తుంది. ఎత్తు కోసం ట్రైపాడ్ నడిమి కడ్డీని పైకి లాగితే మూడు కాళ్లు ఇచ్చిన నిలకడ ఆ ఒక్క కడ్డీతోనే పోతుంది కాబట్టి, అది లేని ట్రైపాడే మేలు. కెమెరాను పట్టి తిప్పే పైభాగమైన హెడ్‌లో అసలు కీలకముంది: బంతి మీద తిరిగే బాల్ హెడ్ మర సడలగానే బరువైన లెన్సు ముందుకు వాలిపోతుంది, కాగా లెన్సును గరిమనాభి దగ్గర ఊయలలా పట్టే గింబల్ హెడ్ మీద, చేయి వదిలినా అది ఉన్నచోటే నిలిచి, ఎగిరే గూడబాతు వెంట తేలికగా తిరుగుతుంది. పులికాట్ ఉప్పునీటి బురదలో దిగిన ట్రైపాడ్ కాళ్లను మాత్రం అదేరోజు మంచినీటితో కడిగి ఆరబెట్టాలి.