హెడ్‌లైట్ బల్బు మార్చే ముందు ఇది తెలుసుకోండి: చట్టం, సేఫ్టీ, అసలు లెక్క

ఈ ఎపిసోడ్ టాపిక్ మీరు ఇచ్చిందే. "అన్నా, నా బండి హెడ్‌లైట్ కిరసనాయిలు బుడ్డిలా ఉంది. ఎల్‌ఈడీ వేయించుకోవచ్చా? పోలీసులు పట్టుకుంటారా?" అని చాలామంది అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పేసి వెళ్ళిపోవచ్చు కానీ, ఎందుకో తెలియకపోతే రేపు షాపువాడు ఇంకో పేరు చెప్పి అదే సరుకు అంటగడతాడు. అందుకే ముందు జవాబు చెప్పి, తర్వాత కారణం చెప్తాను.

జవాబు ఇదీ. పాత బల్బు తీసి అదే టైపు, అదే వాట్ల బల్బు వేస్తే అది రిపేరు. దాంట్లో ఏ సమస్యా లేదు. హాలోజన్ బల్బు కోసం తయారైన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ గానీ, హెచ్‌ఐడీ కిట్ గానీ, 100/90 వాట్ల బల్బు గానీ వేస్తే మాత్రం చట్టం ప్రకారం ఇబ్బందే, రోడ్డు మీద అంతకంటే పెద్ద ఇబ్బంది.

బల్బు ఒక్కటే హెడ్‌లైట్ కాదు

మన దగ్గర చాలా కార్లలో ఉండేది హెచ్4 అనే హాలోజన్ బల్బు. హై బీమ్‌కి 60 వాట్లు, లో బీమ్‌కి 55 వాట్లు. హాలోజన్ ఉన్న బైకుల్లో ఎక్కువగా హెచ్‌ఎస్1 ఉంటుంది, అది 35/35 వాట్లు. ఈ రెండింట్లోనూ లోపల రెండు ఫిలమెంట్లు ఉంటాయి. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె లాంటిది ఉంటుంది. ఈసారి బల్బు చేతికొస్తే గమనించండి.

ఆ గిన్నె పనేంటంటే, లో బీమ్ వెలుతురు కిందికి పోకుండా ఆపడం. అప్పుడు వెలుతురు రిఫ్లెక్టర్ పై సగం మీద మాత్రమే పడి, అక్కడి నుంచి రోడ్డు మీదికి వంగుతుంది. అందుకే లో బీమ్ గోడ మీద వేస్తే పైన చీకటి, కింద వెలుతురు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది. దాన్నే కటాఫ్ అంటారు. ఎదుటివాడి కళ్ళు ఆ గీతకి పైన ఉంటాయి కాబట్టే అతనికి రోడ్డు కనబడుతుంది.

రిఫ్లెక్టర్ వంపు మొత్తం ఆ ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందో, ఎంత పొడవు ఉంటుందో చూసి మిల్లీమీటర్ల లెక్కతో చేసినది. ఎల్‌ఈడీ బల్బులో ఫిలమెంట్ ఉండదు. ఒక పలక, దానికి రెండు వైపులా చిప్పులు. వెలుతురు పుట్టే చోటు, దాని ఆకారం, అది వెళ్ళే దిక్కు అన్నీ మారిపోతాయి. రిఫ్లెక్టర్‌కి అదేం తెలీదు, తన వంపు ప్రకారం తను విసిరేస్తుంది. దాంతో కటాఫ్ చెదిరి, కొంత వెలుతురు పైకి లేస్తుంది. హెచ్‌ఐడీ కిట్‌లోనూ ఇదే కథ, పైగా వెలుతురు ఇంకా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా అర్థమవుతుంది. ఫంక్షన్‌కి తప్పు డేటా ఇచ్చినా కొన్నిసార్లు ఎర్రర్ రాదు, నడుస్తుంది. కానీ అవుట్‌పుట్ తప్పు. హోల్డర్‌లో దూరింది కదా అని బల్బు సరిపోయినట్టు కాదు.

"కానీ నాకు బాగా కనిపిస్తోంది కదా!"

ఎల్‌ఈడీ వేయించుకున్న ప్రతి ఒక్కరూ ఇదే అంటారు, "పట్టపగల్లా ఉంది" అని. నిజమే, కానీ ఎక్కడ? చాలాసార్లు బండి ముందు ఐదు పది మీటర్లలో. దగ్గర్లో అంత వెలుగు ఉంటే కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు దూరంగా, చీకట్లో ఉన్నది ఇంకా తక్కువ కనిపిస్తుంది. 60 కిలోమీటర్ల వేగంలో మీకు పనికొచ్చేది 60 మీటర్ల అవతల ఉన్న గేదె, బంపర్ ముందున్న తారు కాదు.

ఇప్పుడు ఎదురుగా వచ్చేవాడి సంగతి చూద్దాం. గంటకి 60 అంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు. మీ లైటు పడి మూడు సెకన్లు అతనికి ఏమీ కనబడలేదనుకోండి, 50 మీటర్లు గుడ్డిగా వచ్చినట్టే. డివైడర్ లేని మన రెండు లైన్ల రోడ్ల మీద ఆ 50 మీటర్లలో ఏముంటాయో మీకు తెలుసు. అంచున ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పెట్టిన రాళ్ళు, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్, నడిచి వెళ్ళేవాళ్ళు. వాటిని చివరి నిమిషంలో చూసి అతను హ్యాండిల్ తిప్పితే ఎటు వస్తాడు? మీ లైన్లోకే. అంటే ఆ బల్బు వల్ల ప్రమాదం అతనికే కాదు, మీకు కూడా.

100/90 బల్బు లెక్క

"ఎల్‌ఈడీ వద్దులే అన్నా, హాలోజనే, వాట్లు పెంచుతా" అనేవాళ్ళూ ఉన్నారు. ఇంటర్ ఫిజిక్స్ చాలు. 12 వోల్టుల మీద 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు లాగుతుంది. 100 వాట్లది 8.3 ఆంపియర్లు. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే దాదాపు 2.8 రెట్లు. కంపెనీ ఇచ్చిన వైరు, స్విచ్చు, హోల్డర్ అంత వేడికి చేసినవి కావు. హోల్డర్ కరగడం, వైరు పైతొడుగు మెత్తబడటం, రిఫ్లెక్టర్ పూత నల్లబడటం ఇలాగే జరుగుతాయి. రిలే కిట్ వేస్తే వైరు బతుకుతుంది, కానీ రిఫ్లెక్టర్‌కి వేడి, ఎదుటివాడి కంట్లో వెలుగు తగ్గవు.

చట్టం ఏమంటుంది?

యూట్యూబ్‌లో అందరూ మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 గురించే మాట్లాడతారు. వాహనాన్ని తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా మార్చకూడదని అది చెప్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. "అది బాడీ, ఇంజిన్ లాంటి మార్పులకి కదా, బల్బుకి ఎందుకు వర్తిస్తుంది?" అని వాదించొచ్చు. ఆ వాదనలో కొంత బలం ఉంది, ఎందుకంటే ఆ సెక్షన్‌లో మార్పు అంటే వాహనం నిర్మాణంలో మార్పు అనే వివరణ ఉంది.

కానీ అక్కడితో అయిపోలేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 106వ నిబంధన చూడండి. ముందు లైటు బీమ్ శాశ్వతంగా కిందికి వంగి ఉండాలి. ఎంత అంటే, లైటుకి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకి అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్ళు చెదరకూడదు. ఆ 1.5 మీటర్లు ఊరికే పెట్టలేదు, ఎదురొచ్చే బైకు మీద మనిషి కన్ను దాదాపు అక్కడే ఉంటుంది. కటాఫ్ చెదిరిన హెడ్‌లైట్ ఈ పరీక్షలో నిలబడటం కష్టం.

శిక్ష సంగతి. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, నిబంధనలు ఒప్పుకోని విధంగా పార్టులు బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. కాబట్టి "ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కదా, లీగలే" అనుకోకండి. అమ్మకానికి ఉండటం వేరు, రోడ్డు మీద వాడే అనుమతి వేరు.

అయితే ఎల్‌ఈడీ అంటేనే తప్పా?

అస్సలు కాదు. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్‌తో వచ్చిన బండిలో రిఫ్లెక్టర్ లేదా ప్రొజెక్టర్ ఆ చిప్పుల కోసమే డిజైన్ చేస్తారు, మొత్తం కలిపి పరీక్షిస్తారు. జర్మనీలో 2020లో ఓస్రామ్ కంపెనీ హాలోజన్ స్థానంలో వేసుకునే ఎల్‌ఈడీ బల్బుకి రోడ్డు అనుమతి తెచ్చుకుంది. కానీ అది అన్ని కార్లకీ కాదు. ఏ కారు మోడల్‌లో, ఏ హెడ్‌లైట్‌లో పరీక్షించారో ఆ జాబితాలో ఉన్నవాటికే. అంటే అక్కడ కూడా బల్బుని విడిగా చూడలేదు, బల్బు, హెడ్‌లైట్ రెండూ కలిపి చూశారు.

మరి వెలుతురు సరిపోకపోతే?

బల్బు మార్చే ముందు ఈ నాలుగు చూడండి.

ఒకటి, అద్దం. హెడ్‌లైట్ పైన ఉండేది ప్లాస్టిక్. ఎండకి పచ్చబడి, మసకబారుతుంది. పాలిష్ చేయిస్తే చాలాసార్లు పాత వెలుతురు తిరిగొస్తుంది.

రెండు, వోల్టేజీ. ఇది ఎవరూ చూడరు. ఇంజిన్ ఆన్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.5 వోల్టులు ఉండి, బల్బు దగ్గర 12 మాత్రమే వస్తోందంటే, హాలోజన్ వెలుతురు దాదాపు మూడో వంతు పోయినట్టే. ఫిలమెంట్ బల్బులో వోల్టేజీ కొంచెం తగ్గినా వెలుతురు చాలా తగ్గుతుంది. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించండి. తుప్పు పట్టిన కనెక్టర్, వదులైన ఎర్త్ వైరు దొరకొచ్చు.

మూడు, బల్బు వయసు. హాలోజన్ వాడేకొద్దీ మసకబారుతుంది. కారైతే రెండూ ఒకేసారి మార్చండి. కొంచెం ఖరీదైన హాలోజన్లలో అవే 60/55 వాట్లతో ఎక్కువ వెలుగిచ్చేవి ఉన్నాయి, కాకపోతే వాటి ఆయుష్షు తక్కువ. బల్బు మీద గుండ్రంలో ఇ అక్షరం, పక్కన అంకె ఉన్న ముద్ర చూసి, నమ్మకమైన చోట కొనండి.

నాలుగు, ఎయిమింగ్. ఇది కారున్నవాళ్ళు ఈ రాత్రే చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో బండి ఆపి లో బీమ్ వేయండి. నేల నుంచి హెడ్‌లైట్ మధ్యభాగం ఎత్తు కొలవండి. గోడ మీద కటాఫ్ గీత ఆ ఎత్తుకి సుమారు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. ఎడమ వైపు గీత కొంచెం పైకి లేస్తే కంగారు పడకండి, ఎడమ అంచు కనబడటానికి అలాగే చేస్తారు. గీత మరీ కిందుంటే మీ సమస్య బల్బు కాదు, స్క్రూ. సర్వీస్ సెంటర్‌లో తిప్పించుకోండి. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న చక్రం ఉంటే, వెనక సీట్లో మనుషులు, డిక్కీలో లగేజీ ఉన్నప్పుడు అది తిప్పాలి. లేదంటే మంచి హెడ్‌లైట్ కూడా ఎదుటివాడి కంట్లోకే కొడుతుంది.

"ఎదురొచ్చేవాళ్ళందరూ వేసుకుంటున్నారు, నేనొక్కడినే ఎందుకు ఆగాలి?" అని కింద ఎలాగూ రాస్తారు, అందుకే ఇప్పుడే చెప్తున్నా. మీ బల్బు పెరిగితే అతని లైటు తగ్గదు. రోడ్డు మీద కళ్ళు చెదిరినవాళ్ళు ఇద్దరవుతారు, అంతే.

గోడ పరీక్ష చేసి మీ గీత ఎక్కడుందో కామెంట్లో రాయండి. బండి మోడల్ కూడా రాస్తే వేరేవాళ్ళకి పనికొస్తుంది. మళ్ళీ కలుద్దాం.